చెప్పుల వరసను చెడగొట్టిన బ్రెజిల్ కోచ్

ఫహాహీల్, కువైట్
ఆగస్టు నెలాఖరు, 1990

చి. నరసింహులుకు,

ముందు తప్పు దిద్దుతాను, తర్వాత దీవిస్తాను. బడిలో ఇన్నేళ్ళు అలవాటైన వరస ఇది, ఇప్పుడు మారదు. జూలైలో నువ్వు రాసిన ఉత్తరంలో "మీ కింది వాటాలో ఉండే బ్రెజిల్ ఆయన ప్రపంచ కప్పులు గెలిచిన ఆ మహానుభావుడే అయివుంటాడు, సంతకం చేయించి పంపు, అంగట్లో పటం కట్టిస్తా" అన్నావు. కాడు. బ్రెజిల్‌లో పుట్టి బంతి తన్నిన ప్రతివాడూ ఆయన కాడు, మన రాజంపేటలో గొడ్డలి పట్టిన ప్రతివాడూ ఎర్రచందనం దొంగ కానట్టే. నువ్వు ఈపాటికి బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా అందరికీ చెప్పేసి ఉంటావని నాకు తెలుసు. ఇక్కడ యుద్ధం వచ్చిందని మీకు తెలిశాక జనం నా క్షేమం ఎటూ అడుగుతారు. ఆ మాటతో పాటే ఈ దిద్దుబాటూ చెప్పెయ్యి.

ఇప్పుడు దీవెన. నువ్వూ, మరదలు సరోజా నూరేళ్ళు చల్లగా ఉండండి. సరోజ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? పెద్దమ్మకు చూపు ఇంకా ఆనుతోందా? ఇక్కడ మేం నలుగురం, అంటే నేను, భారతి, అల్లుడు ప్రభాకర్, మనవరాలు చిన్ని, బాగున్నాం. రేడియో విని మీరు అన్నం మానేసి ఉంటారు. మానకండి. మేం తింటూనే ఉన్నాం. నాకేం భయం లేదు.

ఈ ఉత్తరం కడప ఖాదర్ భాయ్ బావమరిది తీసుకొస్తున్నాడు. ఖాదర్ భాయ్‌కి ఇక్కడ బజార్లో కుట్టుపని అంగడి ఉంది, ఇప్పుడు మనవాళ్ళందరికీ పెద్ద ఆయనే. ఆ బావమరిది ఈ రోజు తన సంసారంతో కిక్కిరిసిన కారులో జోర్డాన్ దారి పడుతున్నాడు. బొంబాయి చేరగానే దీన్ని పోస్టులో వేస్తాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఫహాహీల్ నుంచి మన తెలుగువాళ్ళను బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా చేర్చడానికి ఒక బస్సు కుదిరింది. ఒక్కటే. రెండోది వస్తుందని అందరూ అంటారు, ఒక్కరూ ఒట్టు వేయరు. భారతికి ఆరో నెల నిండుతోంది. ఇంకో నెల పోతే ఆ ఎడారి దారిలో అన్ని గంటలు కూర్చోలేదు. ఇక్కడి ఆసుపత్రిలో మందులున్నాయో లేవో, డాక్టర్లున్నారో పోయారో ఎవరికీ తెలియదు. అందుకని తల్లినీ బిడ్డనూ ఈ బస్సే ఎక్కించాలి. ఈ నెలంతా నా తలలో తిరిగింది ఇదొక్కటే. వాళ్ళకు సీట్లు దొరికాయా లేదా అన్నది తెలియాలంటే నువ్వు ఆ బ్రెజిల్ ఆయన కథ వినక తప్పదు. ఆత్రంగా చివరి కాగితం తీసి చూస్తావని తెలుసు, అందుకే కాగితాలకు అంకెలు వేయలేదు.

ఆయన పేరు అదెల్సన్. నాకు పరిచయమైంది వడియాల మీద. జూన్‌లో నేను మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టాను. ఇక్కడి ఎండకు పొద్దున పెడితే మధ్యాహ్నానికి ఎండి గలగలలాడతాయి. ఈ దేశంలో నాకు నచ్చిన మొదటి గుణం అది, చాలా రోజులు అదొక్కటే. పగలంతా అల్లుడు షుఐబా ఫ్యాక్టరీలో డ్యూటీ, భారతి నిద్ర, పిల్ల బడి. తిట్టడానికైనా మనిషి లేక నేను మిద్దె ఎక్కి కూర్చునేదాన్ని. ఆ రోజు ఎక్కడి నుంచో ఒక బంతి వచ్చి వడియాల గుడ్డ మధ్యన పడింది. వెనకే ఒక యాభై దాటిన మనిషి ఆయాసపడుతూ పైకి వచ్చాడు. పొట్ట ముందుకు, ఒక మోకాలు పక్కకు. నాకు దణ్ణం పెట్టాడు, వడియాలకూ పెట్టాడు. విరిగినది ఒకటి తీసి వేయించకుండానే నోట్లో వేసుకుని, బాగుందని తల ఊపాడు. అబద్ధమాడడం ఆయనకు చేతకాదని తర్వాత తెలిసింది కాబట్టి, నిజంగానే బాగుందని అనుకున్నాడన్న మాట.

ఆయన చరిత్ర నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. నాది బడి ఇంగ్లీషు, ఆయనది అరువు ఇంగ్లీషు. మాట అందనప్పుడు ఉప్పు డబ్బా, ఆవాల డబ్బా, గరిటె ఆటగాళ్ళై నా వంటింటి బల్ల మీద పరుగెత్తేవి. చెరకు తోటల మధ్య ఒక పల్లెలో పుట్టాడట. తల్లి నలుగురిళ్ళలో బట్టలు ఉతికి పెంచింది. ఈయన ఒక చిన్న క్లబ్బులో చేరి, ఆటగాడిగా తన యవ్వనంలో ఎక్కువ భాగం బెంచీ మీద గడిపాడు. "ఆట బెంచీ మీద నుంచే బాగా కనబడుతుంది మేడమ్" అంటాడు. మా స్టాఫ్‌రూములో కూడా ఇలాంటి మాట చెప్పేవాళ్ళు ఉండేవారు, పాఠానికి పోకుండా.

ఒకే ఒకసారి నువ్వు చెప్పిన ఆ మహానుభావుడి జట్టుతో ఆట పడింది. ఆఖరి నిమిషాల్లో ఎవరికో కాలు బెణికి ఈయనను దించారు. ఆ మహానుభావుడు బంతితో వస్తూ ఈయన ఎడమ బొటనవేలు తొక్కాడు. గోరు ఊడింది, మళ్ళీ మొలవలేదు. మేజోడు విప్పి చూపించాడు. నేను అన్నం తింటున్నాను.

"తొక్కినందుకు ఏమన్నా అన్నాడా?" అని అడిగాను.

"ఏమీ అనలేదు మేడమ్. గోల్ వేశాడు."

కాబట్టి నరసింహులూ, నువ్వు అడిగిన సంతకం ఉంది. అది ఆ వేలి మీద ఉంది, పటం కట్టడానికి వీలుపడదు.

తర్వాత మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. చక్కెర మిల్లు కూలీల జట్టుకు కోచ్ అయ్యాడు, తర్వాత ఏవో రెండు ఊళ్ళ జట్లకు. అప్పుడు ఒక ఏజెంటు తగిలాడు. ఇలాంటి ఏజెంట్లు రాయచోటిలోనే పుడతారని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను, ప్రపంచమంతా పుడతారట. దేశపు జట్టుకే కోచ్‌వి అని చెప్పి విమానం ఎక్కించాడు, దిగేసరికి ఒక చిన్న క్లబ్బు. ఆటగాళ్ళు పోలీసులూ, బ్యాంకు ఉద్యోగులూ. ఒకతని బూట్లు డ్రైవరు మోసుకొచ్చేవాడట. ఈయన కోచింగ్ అంతా రెండు మాటల్లో జరిగేది. మొదలుపెట్టడానికి యల్లా, ముగించడానికి ఖలాస్. మధ్యలో జరగాల్సింది ఆటగాళ్ళ ఇష్టం. పాస్‌పోర్టు మాత్రం కఫీల్ బీరువాలో భద్రంగా ఉంది. కఫీల్ అంటే మనిషిని రప్పించుకున్న యజమాని. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళ పాస్‌పోర్టులూ అలాంటి బీరువాల్లోనే ఉంటాయి. ఆ ఒక్క విషయంలో ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు.

ప్రపంచ కప్పులో వాళ్ళ దేశం ఓడిపోయిన రోజు ఆయన తలుపు తీయలేదు, దీపం వేయలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా అని నేను పెరుగన్నం కలిపి చిన్నితో పంపాను. గిన్నె కడిగి తెచ్చిచ్చి, కళ్ళు తుడుచుకుని, "మీ ఇంట్లో కూడా ఇలాగే చేస్తారా మేడమ్?" అన్నాడు. మా ఇంట్లో పోయేది మనుషులు అని చెప్పాను.

ఆ తర్వాత ఆగస్టు మొదటి గురువారం వచ్చింది. తెల్లవారుతుండగా చప్పుళ్ళు. "ఎక్కడో బండలు పేలుస్తాండారు అత్తా, పండుకో" అన్నాడు ప్రభాకర్. ఈ ఊళ్ళో బండలు ఎక్కడున్నాయి, అంతా ఇసుకే. సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, యుద్ధాలు తారీఖులతో సహా నోటికి వచ్చు, అది వీధిలోకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మాత్రం పుస్తకంలో లేదు. ముందు రొట్టెలు అయిపోతాయి. తర్వాత పాలపొడి. తర్వాత జనానికి ఓర్పు. కరెంటు మాత్రం ఉంది, నీళ్ళూ వస్తున్నాయి, నువ్వు కంగారుపడకు.

కోచ్ గారి జట్టు ఒక్క పూటలో మాయమైంది. గోల్‌కీపరు సౌదీకి పోయాడు, కెప్టెన్ ఎక్కడున్నాడో తెలియదు, క్లబ్బు తలుపుకు తాళం, ఆ బీరువా లోపల. ఈ దేశాల వాళ్ళను పట్టుకుపోతారని ఒకరు, ఆ దేశాల వాళ్ళను పట్టుకుపోరని ఒకరు. ఆయన దేశం ఏ గుంపులో ఉందో ఎవరికీ తెలియదు. మనల్ని మాత్రం ఎవరూ ఏమీ అనడం లేదు. బాగ్దాద్ నుంచి దిగిన సైనికులు "హిందీ?" అంటారు. ఇక్కడ హిందీ అంటే భాష కాదు, మన దేశపు మనిషి. అవునంటే పొమ్మంటారు.

ఆయనకు రెండు పూటలా మా ఇంట్లోనే భోజనం. మా అదృష్టం కొద్దీ అలసందలు మూట నిండా ఉన్నాయి. మొదటిసారి అలసందల కూర, అన్నం పెట్టినప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "మా అమ్మ" అన్నాడు, తర్వాత తల ఎత్తలేదు. నేను ఇంకో గరిటె వేశాను.

రోడ్డు మలుపులో సైనికుల బండి ఒకటి నిలిచి ఉంది. పిల్లలు దాన్ని చూడ్డానికి పోతున్నారని, పొద్దున పూట ఆయన మా భవనంలోని పిల్లలందరినీ పోగుచేసి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. నేలమీద ఏదో ఒకటి వరసగా పెట్టి, వాటి మధ్య నుంచి బంతిని తగలకుండా తీసుకుపోవాలి. డబ్బాలు, ఇటుకలు, నా వంటింటి పీట కూడా పోయింది. చిన్నికి ఆయన చెప్పిన మాట నేను మిద్దె మీది నుంచి విన్నాను. "బంతిని తన్నకూడదు. తమ్ముణ్ణి బడికి తీసుకుపోతున్నావనుకో. చెయ్యి విడవకూడదు." మంచి మాట అనుకున్నాను.

ఇక బస్సు సంగతి. పేర్లు రాసేది ఇక్కడి ఒక బడి ఆవరణలో. ఎవరు ముందు వస్తే వాళ్ళు బస్సులో ముందు, సీట్లు అయిపోయాక ఖలాస్. కానీ ఆ ఎండలో ఎవరు నిలబడగలరు? పైగా గుంపు కనబడితే సైనికులు ఊరుకోరు. అందుకని మనవాళ్ళు మన కిరసనాయిలు డిపో దగ్గర చేసే పనే చేశారు, చెప్పులు వరసలో పెట్టి నీడకు పోయారు. అదీ ఒక్కొక్క చెప్పే. పద్ధతి నీకు తెలిసిందే, రెండూ పెడితే జత మాయమవుతుంది, ఒంటి చెప్పును ఏ దొంగా ముట్టుకోడు. తెల్లవారకముందే వచ్చిన ఓబులమ్మ చెప్పు అందరికన్నా ముందు. ఓబులమ్మది రాయచోటి పక్క పల్లె, ఇంటి పనికి వచ్చింది. ఆమె మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇల్లూ తాళాలూ ఈమెకిచ్చి సౌదీకి పారిపోయింది. బడి పంతులమ్మను కదా, ఇక్కడి మనవాళ్ళకూ నేను అయివారమ్మనే, నా చెప్పు మూడోది. షుఐబాలో తాపీ పని చేసే గంగిరెడ్డిది నా వెనక. ఆ వెనక ఇసుక మీద ఇంకా చాలా చెప్పులు, తిన్నగా గీత గీసినట్టు.

నేను వరండాలో ఖాదర్ భాయ్‌తో, ఏడేళ్ళ పిల్లకు సీటు ఇవ్వాలా ఒడి చాలా అని వాదిస్తున్నాను. అప్పుడే మన కోచ్ పిల్లలను వెంటబెట్టుకుని ఆవరణలోకి వచ్చాడు. చూశాడు. ఇసుక మీద బారుగా ఒంటి చెప్పులు, సమానమైన దూరంలో. ఇన్నాళ్ళూ ఈ డబ్బాలూ ఇటుకలూ ఏరుకోలేక ఈయన పడే పాట్లు చూసి, మన ఆడవాళ్ళు పిల్లల కోసం ఎంత శ్రమపడి ఏర్పాటు చేశారో అని ఆయన గుండె నిండిపోయిందట. తర్వాత నాతో చెప్పాడు. కాకపోతే గీత మరీ తిన్నగా ఉంది. మొదటి పాఠానికి అది పనికొస్తుంది, మా పిల్లలు ఆ పాఠం దాటారు. అందుకని అన్ని చెప్పులూ తీసి, వంకర టింకరగా, ఇటొకటి అటొకటి, శ్రద్ధగా పేర్చాడు. ఒకటి మిగిలితే దానికి జత వెతికాడు కూడా.

ముందు చూసింది ఓబులమ్మ.

"ఏందప్పా ఇది? నా చెప్పు మొదట్ల ఉండె. ఈ మూలకెట్ల వచ్చె?"

"నాది మూడోది" అన్నాడు గంగిరెడ్డి.

"నీది మూడోదా? మూడోది అయివారమ్మది. నీది ఆమె ఎనక."

"నువ్వు జూసినావా?"

"నేను తెల్లారకముందు నుంచి ఈడే ఉండా. నువ్వు వచ్చేది, చెప్పు పెట్టేది, దగ్గేది కూడా జూసినా."

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో చెప్పడం నా తరం కాదు. విచిత్రం ఏమిటంటే, ఎవరిని అడిగినా వాళ్ళ చెప్పు మొదటి ఐదింటిలోనే ఉంది. అక్కడున్న జనమంతా మొదటి ఐదుగురే. కోచ్ మధ్యలో చేతులు చాచి నిలబడ్డాడు, ఏం పోగొట్టాడో తెలియకపోయినా ఏదో పోగొట్టానని మొహం చెబుతోంది. ఓబులమ్మ చేతిలో మిగిలిన చెప్పు పైకి లేచింది.

"మా మామా నన్నిడ్సి పోయిన రోజు గూడా నేను ఇంత ఏడ్చలా. యాడి నుంచి దిగినావురా నాయనా, నా బస్సు మీదికి?"

అప్పుడు గేటు దగ్గర బూట్ల చప్పుడు. ఒక సార్జెంటు, ఇద్దరు సైనికులు. ఈ గుంపేమిటి, ఈ గొడవేమిటి అని అరబీలో. ఖాదర్ భాయ్‌కి అరబీ బాగా వచ్చు, కానీ నోరు తెరిచి మూశాడు. బస్సు కోసం కొట్లాట అని చెబితే గుంపును చెదరగొడతారు, ఆవరణ మూస్తారు, బస్సు గంగలో కలుస్తుంది. భారతి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఇంట్లో ఎదురుచూస్తోంది. నాకు చిన్ని బడి టైంటేబుల్లో ఉన్న ఒక మాట గుర్తొచ్చింది. రియాదా, అంటే ఆటల పీరియడ్.

"రియాదా" అన్నాను, మా ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మాట్లాడే గొంతుతో.

సార్జెంటు చెప్పులు చూశాడు. ఓబులమ్మను చూశాడు. పెద్దవాళ్ళకా అని అడిగాడు.

నేను కోచ్ వైపు చూశాను. ఆయనకు విషయం తెలియదు, కానీ తెలుగు ఆడమనిషి కళ్ళతో చెప్పే మాట నెల రోజుల్లో నేర్చుకున్నాడు. విజిల్ ఊదాడు. "యల్లా" అన్నాడు.

నేను డ్రిల్లు చెప్పినట్టు, నవ్వు మొహంతో, తెలుగులో గట్టిగా అన్నాను. "అందరూ వినండి. ఇంటికొకరు. చెప్పులకు తగలకుండా బంతిని ఆ చివరికి తీసుకుపోయినవాళ్ళు బస్సులో ముందు. ఎన్ని చెప్పులకు తగిలితే అన్ని చోట్లు వెనక్కి. బంతి తెలిసింది కోచ్‌కి, తీర్పు ఆయనది. నవ్వుతూ ఉండండి, తుపాకీ మనల్నే చూస్తోంది."

"ఇదేం లెక్క అయివారమ్మా?" అన్నాడు గంగిరెడ్డి నవ్వుతూ.

"ఇంకో లెక్క నీ దగ్గరుంటే చెప్పు" అన్నాను, నేనూ నవ్వుతూ.

నరసింహులూ, మన జిల్లా మనుషులు లుంగీలు ఎగగట్టి, కొంగులు దోపి, ఆ ఎండలో ఇసుక మీద బంతి తోలడం నువ్వు చూడలేదు. గంగిరెడ్డి గోడ కట్టే మనిషి, బలం ఎక్కువ. ఒక్క తన్నుకు ఏడు చెప్పులు లేచాయి. ఓబులమ్మ తన్నితే బంతి నేరుగా సార్జెంటు పొట్టకు. ఆయన దాన్ని కాలితో ఆపి, తిరిగి నెమ్మదిగా ఆమె ముందుకు తోశాడు. "మళ్ళా తన్నమంటాండాడా, కాల్చుతానంటాండాడా?" అని అడిగింది. మళ్ళీ తన్నమంటున్నాడు అన్నాను. ఆ రెండో తన్ను మొదటిదానికన్నా ఎంతో మేలు, రెండే తగిలాయి.

మా ఇంటి తరఫున నేనే. భారతి రాలేదు, ప్రభాకర్ డ్యూటీలో ఉన్నాడు. కుచ్చిళ్ళు దోపాను. కోచ్ ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చిన్ని మాత్రం "అవ్వా, తమ్ముణ్ణి బడికి" అంది. బంతిని తన్నలేదు. పక్కపాదంతో ఒక్కొక్క తోపు, ఒక్కొక్క అడుగు. నాకెక్కడ తొందర, పదవీ విరమణ చేసినదాన్ని. వెనక నుంచి ఎవరో "సాయంత్రానికి చేరుతుందా?" అన్నారు. సగం దాటాను, ముప్పాతిక దాటాను. చివరికి నాలుగు చెప్పులుండగా బంతి కొంచెం జారి ఒక చెప్పుకు రాసుకుంది. చూస్తే, అది నాదే.

"తగిలె, తగిలె, నేను జూసినా" అన్నాడు గంగిరెడ్డి.

"అది నా చెప్పు. నా చెప్పుకు నా బంతి తగిలితే నీకేం నష్టం?"

"చెప్పు ఎవురిదైతే ఏంది, చెప్పే గదా."

"నీ ఇంటి గోడకు నువ్వు ఆనుకుంటే గోడ పడగొట్టావంటారా?"

ఖాదర్ భాయ్ గడ్డం నిమురుకుంటూ నా వైపే మొగ్గుతున్నాడు. అప్పుడు కోచ్ వేలు ఎత్తాడు. నెల రోజులు నా అలసందలు తిన్న మనిషి. నా కళ్ళలోకి చూసి, చాలా బాధగా, చాలా స్పష్టంగా, "టచ్, మేడమ్" అన్నాడు.

ఆ క్షణంలో ఆయన్ని ఏమనుకున్నానో ఈ ఉత్తరంలో రాయను, దారిలో పిల్లలెవరైనా చదువుతారు. ఒక చోటు వెనక్కి పోయాను. అయినా నా కంటే మెరుగ్గా నలుగురే తేలారు, మాది ఐదో స్థానం. మాకు సీట్లు దొరికాయి. తల్లికి, బిడ్డకు, నాకు. చదువుతున్నావా? దొరికాయి.

అంతా అయ్యాక సార్జెంటు కోచ్ దగ్గరికి వచ్చి ఏ దేశం అని అడిగాడు. బ్రెజిల్ అనగానే ఆ మొహం చూడాలి, తుపాకీ ఉన్న సంగతే మర్చిపోయాడు. ఆ మహానుభావుడి పేరు చెప్పి, ఆయనేనా అని అడిగాడు. నువ్వే నయం అనుకున్నాను, నువ్వు కనీసం దూరం నుంచి అడిగావు. ఓబులమ్మ వెంటనే "ఆయనే, ఆయనే సామీ" అని తల ఊపింది. మనవాళ్ళంతా ఊపారు. కోచ్ ఒక్కడే అడ్డంగా ఊపాడు. బూటు విప్పి, మేజోడు విప్పి, వేలు చూపించి, ఉప్పు డబ్బాలు లేకుండానే మొత్తం కథ చెప్పాడు. ఖాదర్ భాయ్ అరబీ చేశాడు. ముగ్గురు సైనికులూ వంగి ఆ గోరు లేని వేలిని చూశారు. దైవదర్శనానికి కూడా మనం అంత వంగం.

ఈయన ఇక్కడే ఎందుకున్నాడని అడిగితే, బీరువా సంగతి చెప్పాం. బాగ్దాద్‌లో వాళ్ళ ఎంబసీ తెరిచే ఉందని, అక్కడి దాకా చేరితే కాగితం వాళ్ళే ఇస్తారని సార్జెంటు చెప్పాడు. బస్సు పోయే రోజు ఊరి బయట తనిఖీ దగ్గర తానే ఉంటానన్నాడు. ఉంటాడో లేదో నాకు తెలియదు. మాట మాత్రం ఇచ్చాడు.

కానీ సీటు? "మనోళ్ళకే చాల్లా అయివారమ్మా" అన్నాడు ఖాదర్ భాయ్. "నా వరస చెరిపినోడికి సీటా?" అంది ఓబులమ్మ. ఆమె మాట తప్పు కాదు.

అప్పుడు నేను నా సీటు ఆయనకిచ్చాను.

ఇక్కడ ఆగి కాగితం పక్కన పెట్టి, సరోజను పిలిచి, ఇద్దరూ కలిసి నన్ను తిట్టండి. అయ్యాక మళ్ళీ చదువు. ప్రభాకర్‌ను షుఐబా నుంచి కదలనివ్వడం లేదు, యంత్రాల పని తెలిసినవాళ్ళను ఎవరినీ వదలడం లేదు. ఆ పిల్లవాడు ఒంటరిగా ఉంటే నీళ్ళు కాచుకోవడం కూడా రాదు. భారతికి దారిలో కావలసింది నేను కాదు. నేను మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే నన్నే ఆమె చూసుకోవాలి. పెట్టె మోయడానికి, పిల్లను ఎత్తుకోవడానికి, నీళ్ళ కోసం పరుగెత్తడానికి ఒక మనిషి కావాలి. ఎవరిని నమ్మాలి అని ఆలోచించాను. నా చెప్పుకు తగిలిందని నా మొహం మీదే చెప్పినవాడు, నా కూతురికి దారిలో నీళ్ళు ఎన్ని మిగిలాయో అబద్ధం చెప్పడు. బాగ్దాద్ దాకా ఆయన. అక్కడి నుంచి ఓబులమ్మ. "నీ కూతుర్ని నేను జూసుకుంటాలే అయివారమ్మా, బాగ్దాద్ దాకా వాణ్ణి గూడా నేనే జూసుకుంటా" అంది. రెండో మాట అన్న తీరు చూస్తే ఆయన దారంతా బుద్ధిగా ఉంటాడు.

ఆయన భాషలో దీన్ని ఒకరిని తీసి ఒకరిని దించడం అంటారు. విని ఆయన ఒప్పుకోలేదు. వేలు ఎత్తబోయాడు. "ఈ తీర్పు నాది" అన్నాను.

భారతికి ఇంకా చెప్పలేదు. బస్సు ఎల్లుండి. నా చీరలు రెండు మడిచి ఆమె పెట్టెలో పెట్టాను, నేనూ వస్తున్నాననే అనుకుంటోంది. ఇప్పుడే చెబితే బస్సెక్కదు. ఆమె కూర్చుని, పిల్ల కిటికీ దగ్గర కుదురుకున్నాక, బస్సు కదిలేటప్పుడు కింద నిలబడి చెబుతాను. అప్పుడు అరిచినా దిగలేదు. నీ ఇంటికి వచ్చాక నా గురించి ఏం మాట్లాడినా నిలబడి విను, నా తరఫున వాదించకు. రెండో బస్సు వస్తుంది, నేనూ ప్రభాకరూ అందులో వస్తాం. నాకేం భయం లేదు. అలసందలు ఇంకా ఉన్నాయి.

పెద్దమ్మకు నా నమస్కారాలు. ఆమె దీవెన ఇప్పుడు నాకు కావాలి, అడిగి తీసుకుని ఉంచు. సరోజకు, పిల్లలకు నా ఆశీస్సులు. నా ఇంటి మిద్దె మీద నీళ్ళ తొట్టి మూత గాలికి లేచి ఉంటుంది, రాయి పెట్టించు.

ఇక ఒక్క పని. భారతి బొంబాయిలో దిగి, ఏ రైలో నీకు తంతి ఇస్తుంది. ఆ రైలు మన స్టేషన్‌లో ఆగీ ఆగనట్టు ఆగుతుంది, వెనక పెట్టెలు ప్లాట్‌ఫారం దాటి కంకర మీదే నిలబడతాయి. ఆఖరి మెట్టుకూ నేలకూ చాలా ఎడం, ఆ మనిషి దూకలేదు. కాబట్టి దండలూ, జనమూ వద్దు. అంగట్లో పై అరల గుడ్డలు దించడానికి నువ్వు ఎక్కే ఎత్తు పీట తీసుకుపో. దానికి ఒక కాలు పొట్టి, ఆ వైపు నీ పాదం గట్టిగా ఆనించి పట్టుకో. ముందు పిల్లను దించు, తర్వాత సామాను, ఆఖరున భారతిని. చెయ్యి చాచి ఉంచు, ఆమె పట్టుకునేదాకా ఆగు. నువ్వు లాగొద్దు.

నీ మేలు కోరే అక్క,
రుక్మిణమ్మ